సముద్రం దాటిన విద్యార్థి – తీర్చిన ఋణం





ఇప్పుడు మన వాడల నుంచి కూడా పిల్లలు పై చదువులకు విదేశాలు వెళ్తున్నారు. బయలుదేరే రోజు ఇంట్లో సందడి అంతా ఇంతా కాదు. తల్లి పచ్చడి డబ్బాలు, పొడులు సర్దుతుంది. తండ్రి పెట్టెను మళ్ళీ మళ్ళీ తూకం వేస్తాడు. బరువు ఎక్కువైతే ఒక డబ్బా తీసి పక్కన పెడతారు. మళ్ళీ మనసొప్పక ఇంకో మూల ఇరికిస్తారు. శంషాబాద్ విమానాశ్రయం దాకా బంధువులు వెళ్ళి, పిల్లవాడు అద్దాల వెనక కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతారు.

పెట్టె బరువు మిషను చెబుతుంది. కానీ ఆ పిల్లవాడి వెంట ఇంకో బరువు కూడా వెళ్తుంది. ఎవరి కష్టం మీద వాడు విమానం ఎక్కుతున్నాడో, వాళ్ళ ఋణం అది. దాన్ని ఏ మిషనూ తూయలేదు.

లోకంలో రెండు రకాల మనుషులు అరుదుగా దొరుకుతారని తథాగతుడు భిక్షువులకు బోధించాడు. తానే ముందుగా మేలు చేసేవాడు ఒకడు. పొందిన మేలును ఎరిగి, దాన్ని తీర్చేవాడు రెండోవాడు. ఈ రెండో గుణాన్నే పాళీలో కతఞ్ఞుత అంటారు. ఈ గుణం ఎలా ఉంటుందో తెలియాలంటే మనం చాలా దూరం పోనక్కర్లేదు. 1913లో చదువు కోసం ఓడ ఎక్కిన ఇరవై రెండేళ్ళ యువకుడి జీవితం చూస్తే చాలు. ఆయనే మన బాబాసాహెబ్ డాక్టర్ భీమరావ్ రామ్‌జీ అంబేడ్కర్.

మొదటి ప్రయాణం

ఓడ ప్రయాణానికి పన్నెండేళ్ళ ముందు, చిన్న భీమ్ ఇంకో ప్రయాణం చేశాడు. అది తెలియకపోతే ఓడ ఎక్కిన రోజు విలువ మనకు అర్థం కాదు.

1901వ సంవత్సరం. తండ్రి సుబేదార్ రామ్‌జీ గారు సతారా జిల్లా కోరెగావ్‌లో క్యాషియర్‌గా పని చేస్తున్నారు. ఎండాకాలం సెలవులకు రమ్మని పిల్లలకు కబురు పంపారు. భీమ్, అతని అన్న, అక్క కొడుకు కలిసి బయలుదేరారు. కొత్త చొక్కాలు, జరీ టోపీలు, కొత్త చెప్పులు వేసుకున్నారు. ఎన్నడూ ఎక్కని రైలు ఎక్కారు. వాళ్ళ సంతోషానికి హద్దు లేదు.

మసూర్ స్టేషన్‌లో దిగితే తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. వస్తున్నామని రాసిన ఉత్తరం తండ్రికి చేరలేదు. బట్టలు చూసి పెద్దింటి పిల్లలనుకున్న స్టేషన్ మాస్టరు, మీరెవరు బాబూ అని అడిగాడు. మహర్లమని పిల్లలు ఉన్న మాట చెప్పారు. అంతే, ఆ మనిషి ముఖం మారిపోయింది.

బయట ఎడ్లబండ్లు చాలానే ఉన్నాయి. కానీ ఒక్కడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద. బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడిచి వస్తాడు. అంటరాని పిల్లల పక్కన కూర్చుంటే మైలపడతానని అతని భయం. దారిలో చేతిలో తిండి ఉంది గానీ గొంతు తడుపుకోవడానికి చుక్క నీళ్ళు లేవు. అడిగినచోట ఎవరూ పోయలేదు. ఆ రాత్రంతా దాహంతోనే గడిచింది. తెల్లవారాక మళ్ళీ కదిలి, పదకొండు గంటలప్పుడు కోరెగావ్ చేరారు.

డబ్బు ఉంది, మంచి బట్టలు ఉన్నాయి, బండ్లు ఉన్నాయి, ఊళ్ళో నీళ్ళూ ఉన్నాయి. అయినా మనిషిని మనిషిగా చూసేవాడు లేడు. చదువు ఎందుకు కావాలో ఆ పిల్లవాడికి మొదటి పాఠం ఆ బండి దారిలోనే దొరికింది.

తండ్రి మేల్కొన్న రాత్రులు

తర్వాత కుటుంబం బొంబాయి వచ్చి పరేల్ ప్రాంతంలో ఒక చాల్‌లో చేరింది. కార్మికులు కిక్కిరిసి బతికే చోటు. ఒక్క గదిలోనే వంట, పడక, చదువు అన్నీ. రాత్రి ఆ గదిలో కాళ్ళు చాపుకోవడానికే చోటు ఉండదు, ఇక చదువుకునేది ఎక్కడ?

దానికి రామ్‌జీ గారు ఒక ఉపాయం చేశారు. కొడుకును పెందలాడే పడుకోబెట్టి తాను మెలకువగా ఉండేవారు. రాత్రి రెండు గంటలకు లేపి, ఆ చోట తాను నడుం వాల్చేవారు. కొడుకు దీపం ముందు కూర్చుని తెల్లవారేదాకా చదివేవాడు.

పుస్తకాలు కొనడానికి డబ్బు లేనప్పుడు తండ్రి పెళ్ళయిన కూతుళ్ళ ఇళ్ళకు వెళ్ళేవారు. వాళ్ళ నగ అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవారు. పింఛను రాగానే విడిపించి తిరిగి ఇచ్చేవారు. అంటే బాబాసాహెబ్ చదివిన పుస్తకాల వెనక అక్కల మెడలోని నగలు కూడా ఉన్నాయన్నమాట. మన ఇళ్ళల్లో ఈ కథ కొత్తదా? అక్క చదువు మాని కూలికి పోతే తమ్ముడు డిగ్రీ చదివిన ఇళ్ళు మన వాడల్లో ఎన్ని లేవు!

చేతికి వచ్చిన బుద్ధుడు

1907లో భీమరావు మెట్రిక్ ప్యాసయ్యారు. మహర్ కులంలో పుట్టిన పిల్లవాడికి ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఎస్.కె. బోలే గారి అధ్యక్షతన అభినందన సభ పెట్టారు. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ గారు తాను మరాఠీలో రాసిన గౌతమ బుద్ధుని జీవిత చరిత్రను బహుమానంగా ఇచ్చారు.

ఇంట్లో తండ్రి రామాయణ భారతాలు చదివించేవారు. ఈ పుస్తకం చదివాక కుర్రవాడికి ఒక ప్రశ్న పుట్టింది. మాకు బుద్ధుడి గురించి ఎందుకు చదివించలేదని తండ్రిని నిలదీసి అడిగాడు. ఆ ప్రశ్నకు పూర్తి జవాబు దొరకడానికి సుమారు యాభై ఏళ్ళు పట్టింది. 1956లో నాగపూర్‌లో తీసుకున్న దీక్షకు విత్తనం ఆ సభలోనే పడిందని మనం మరిచిపోకూడదు.

కేలుస్కర్ గారు పుస్తకం ఇచ్చి ఊరుకోలేదు. తర్వాత కాలేజీ చదువుకు డబ్బు లేక ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్ళారు. మహారాజు నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ మంజూరు చేశారు. దానితోనే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. పూర్తయింది.

బయలుదేరిన ఏడాది

1913 జనవరిలో భీమరావు బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరారు. కొద్ది రోజులకే తండ్రికి జబ్బు చేసిందని కబురు వచ్చింది. రైలెక్కి బొంబాయి వస్తూ, నాన్నకు మిఠాయి తీసుకెళ్దామని సూరత్ స్టేషన్‌లో దిగారు. ఈలోగా రైలు వెళ్ళిపోయింది. మర్నాడు ఇల్లు చేరేసరికి తండ్రి ఆఖరి ఘడియల్లో ఉన్నారు. కొడుకును చూసి కన్నుమూశారు. అది 1913 ఫిబ్రవరి 2.

రాత్రి రెండు గంటలకు లేపిన తండ్రి ఇక లేడు. సరిగ్గా అప్పుడే అవకాశం వచ్చింది. మహారాజు కొందరు విద్యార్థులను అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపుతున్నారు. భీమరావు దరఖాస్తు పెట్టుకున్నారు. జూన్ 4న బరోడాలో ఒప్పందం మీద సంతకం చేశారు. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళు స్కాలర్‌షిప్. చదువు ముగిశాక పదేళ్ళు బరోడా సంస్థానంలో పని చేయాలి. ఇది షరతు.

ఇంట్లో భార్య రమాబాయి, చంకలో నెలల పిల్లవాడు యశ్వంత్. ఆమె ఓడను అడ్డుకోలేదు. మూడేళ్ళో నాలుగేళ్ళో, ఎప్పుడొస్తాడో తెలియని భర్త కోసం ఆ చాల్‌లోనే ఉండిపోయింది. బాబాసాహెబ్ ప్రయాణం గురించి చెప్పుకునేటప్పుడు ఓడ ఎక్కిన మనిషినే చూస్తాం. రేవు ఇవతల మిగిలిపోయిన మనిషిని కూడా చూడాలి.

ఆ రోజుల్లో అగ్రకులాల వాళ్ళకు సముద్రం దాటడం పాపం. దాటి వస్తే కులం పోతుందని, ప్రాయశ్చిత్తం చేసుకోవాలని శాసించేవారు. మన భీమరావుకు ఆ భయం ఎందుకుంటుంది? సముద్రం దాటితే కులం పోయేటట్లయితే అంతకంటే ఏం కావాలి! ఆ సంవత్సరం జూలై మూడో వారంలో ఆయన న్యూయార్క్‌లో దిగారు.

న్యూయార్క్‌లో ఊపిరి

మొదట విశ్వవిద్యాలయ వసతిగృహం హార్ట్‌లీ హాల్‌లో కొద్ది రోజులున్నారు. అక్కడి తిండి సరిపడక మరో వసతికి మారారు. తర్వాత లివింగ్‌స్టన్ హాల్‌లో చేరారు. అక్కడ నావల్ భతేనా అనే పార్శీ విద్యార్థి పరిచయమయ్యాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది.

అక్కడ బల్ల దగ్గర కూర్చుంటే ఎవరూ లేచిపోలేదు. నీళ్ళు అడిగితే ముఖాలు మారలేదు. పాఠం చెప్పే ప్రొఫెసరు కులం అడగలేదు. మసూర్ స్టేషన్ చూసిన మనిషికి ఇదెంత పెద్ద ఊపిరో ఆలోచించండి.

మరి ఆ స్వేచ్ఛను ఆయన ఏం చేసుకున్నారు? రోజుకు పద్దెనిమిది గంటలు చదివారు. వచ్చే కొద్ది డబ్బులోనే పొదుపు చేసి ఇంటికి పంపేవారు. పాత పుస్తకాల దుకాణాలు తిరిగి సుమారు 2,000 పుస్తకాలు కొన్నారు. ఆర్థికశాస్త్రంలో సెలిగ్మన్, తత్వశాస్త్రంలో జాన్ డ్యూయీ వంటి వారి దగ్గర పాఠాలు విన్నారు. అప్పుడు న్యూయార్క్‌లో ఉన్న లాలా లజపతిరాయ్ తమ ఉద్యమంలోకి పిలిస్తే మర్యాదగా వద్దన్నారు. తాను విద్యార్థిగా వచ్చానని, మహారాజుకు ఇచ్చిన మాట తప్పనని చెప్పారు. చూశారా, ఋణం ఎరిగినవాడి నిగ్రహం ఎలా ఉంటుందో!

ఇంటి సంగతీ, సమాజం సంగతీ మరిచిపోలేదు. తండ్రి స్నేహితుడికి రాసిన ఒక ఉత్తరంలో, అబ్బాయిలతో పాటు అమ్మాయిలనూ చదివిస్తేనే మన ప్రగతి వేగంగా సాగుతుందని రాశారు. 1915లో ఎం.ఏ. అయింది. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాలు అనే పత్రం చదివారు. మనుషులు తమ కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల కులం నిలబడుతోందని ఆ పత్రంలో విడమరిచి చెప్పారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు.

గమనించండి. కులం అడగని దేశంలో హాయిగా ఉంటూ, కులాన్ని మరిచిపోలేదు. దాన్ని బల్ల మీద పెట్టి, డాక్టరు రోగాన్ని పరీక్షించినట్టు పరీక్షించారు. దుఃఖం ఉంది, దుఃఖానికి కారణం ఉంది, దాన్ని పోగొట్టవచ్చు, పోగొట్టే మార్గం ఉంది. బుద్ధుడు చూపిన ఈ నాలుగు ఆర్యసత్యాల దారి కూడా ఇదే కదా!

తిరిగి వచ్చినరోజు

1916లో అమెరికా నుంచి లండన్ వెళ్ళి, అక్కడి స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో చదువు మధ్యలోనే ఆపి, 1917 ఆగస్టులో బొంబాయి చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. వేరే ఓడలో వేసిన ఆయన సామాను, పుస్తకాలు ఆ ఓడ మునగడంతో సముద్రంలో కలిశాయి. నష్టపరిహారంగా వచ్చిన డబ్బే బరోడా ప్రయాణానికి ఖర్చయింది.

ఒప్పందం ప్రకారం మాట నిలబెట్టుకోవడానికి బరోడా వెళ్ళారు. అంత చదువు చదివి వచ్చిన అధికారికి ఆ పట్టణంలో ఉండడానికి గది దొరకలేదు. పార్శీ పేరుతో ఒక పార్శీ సత్రంలో దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి బయటికి పొమ్మంది. ఎక్కడికి పోవాలో తెలియక ఒక పార్కులో చెట్టు కింద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ రాత్రే బొంబాయి రైలెక్కారు.

న్యూయార్క్‌లో పోయిన కులం బరోడాలో మళ్ళీ ఎదురొచ్చింది. ఎందుకంటే కులం ఆయన ఒంట్లో లేదు, ఎదుటివాడి మనసులో ఉంది. సముద్రం దాటినంత మాత్రాన ఎదుటివాడి మనసు మారదు. పదేళ్ళు సేవ చేసి ఋణం తీర్చుకుందామని వెళ్ళిన మనిషికి ఆ ఋణం తీర్చుకునే చోటు కూడా కులం లేకుండా చేసింది.

రెండోసారి ఓడ

ఇంకొకరైతే అక్కడితో విసిగిపోయేవారు. బాబాసాహెబ్ విసుగు చెందలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరి, జీతంలో పైసా పైసా కూడబెట్టారు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టారు. అదే ఏడాది జూలైలో మళ్ళీ లండన్ ఓడ ఎక్కారు. ఈసారి తన పొదుపు, కొల్హాపూర్ శాహు మహారాజు చేసిన సాయం, నావల్ భతేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పు ఆయన వెంట ఉన్నాయి.

లండన్‌లో పొద్దున్నే బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయానికి వెళ్ళి, మూసేదాకా కదిలేవారు కాదు. పొద్దున ఒక రొట్టె ముక్క, రాత్రికి కాల్చిన అప్పడాలు. ఆకలి ఆకలే, చదువు చదువే. ఇక్కడ రమాబాయి చాలీచాలని డబ్బుతో సంసారం ఈదింది. ఆయన 1923లో బారిస్టరుగా తిరిగి వచ్చారు, లండన్ విశ్వవిద్యాలయం డి.ఎస్‌సి. పట్టం కూడా దక్కింది. 1935లో రమాబాయి కన్నుమూసింది. కొన్నేళ్ళకు పాకిస్తాన్ సమస్య మీద రాసిన గ్రంథాన్ని బాబాసాహెబ్ ఆమె స్మృతికే అంకితం చేశారు. కష్టకాలంలో తోడు నిలిచిన ఆమె ఓర్పును, మంచి మనసును ఆ అంకితంలో తలుచుకున్నారు.

ఋణం ఎలా తీర్చారు?

ఇప్పుడు లెక్క చూద్దాం. తండ్రి మేల్కొన్న రాత్రులకు బదులుగా ఆయన లక్షలమంది పిల్లలకు చదువు ఇచ్చారు. 1940లలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్నప్పుడు షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల స్కాలర్‌షిప్‌ల కోసం పట్టుబట్టి నిధులు సాధించారు. విదేశీ చదువులకు కూడా సాయం చేయాలని అడిగారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. మహద్ చెరువులో 1927లో నీళ్ళు తాగించి, మసూర్ దారిలో దాహంతో ఉన్న ఆ పిల్లవాడి గొంతు తడిపారు. 1952 జూన్ 5న కొలంబియా విశ్వవిద్యాలయం ఆయన్ను పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

కేలుస్కర్ గారి పుస్తకం ఋణం కూడా ఆయన మరిచిపోలేదు. 1950లో సింహళం వెళ్ళి బౌద్ధ సమ్మేళనంలో పాల్గొన్నారు. 1954లో రంగూన్, 1956 నవంబరులో ఖాట్మండూ వెళ్ళారు. జబ్బు పడిన శరీరంతో చేసిన ఈ ప్రయాణాలు డిగ్రీల కోసం కాదు, ధమ్మం కోసం. నాగపూర్‌లో 1956 అక్టోబర్ 14న తాను దీక్ష తీసుకుని, లక్షలమందికి దీక్ష ఇచ్చారు. పదహారేళ్ళ వయసులో తన చేతికి అందిన బుద్ధుణ్ణి మన అందరి చేతుల్లో పెట్టారు.

అయితే ఒక బాధ మాత్రం ఆయన్ను వదలలేదు. 1956 మార్చిలో ఆగ్రా సభలో ఆ బాధ బయటపెట్టారు. చదువుకున్నవాళ్ళు సమాజానికి అండగా నిలుస్తారనుకుంటే, వాళ్ళు తమ పొట్ట చూసుకునే గుమాస్తాలైపోయారని కుమిలిపోయారు. ఆ మాట ఎవరినో అన్నది కాదు. చదువుకున్న మనల్ని అన్నది.

మన పిల్లలకు ఒక మాట

చదువు కోసం దూరం వెళ్ళడం బౌద్ధులకు కొత్త కాదు. చైనా నుంచి వచ్చిన యువాన్ చ్వాంగ్ నలందాలో చదివి, మన ధాన్యకటకం దాకా వచ్చి ఇక్కడి భిక్షువుల దగ్గర కొన్ని నెలలు అభిధర్మం నేర్చుకున్నాడు. నేర్చినదాన్ని తన దేశానికి మోసుకెళ్ళి మిగతా జీవితమంతా అనువాదాలు చేశాడు. నేర్చుకుని తిరిగి ఇవ్వడం, ఇదే మన సంప్రదాయం.

ఈరోజు మన పిల్లలు బాబాసాహెబ్ పేరు మీద ఉన్న ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాలతో వెళ్తున్నారు. కొందరు బ్యాంకు అప్పుతో, అమ్మిన అర ఎకరంతో వెళ్తున్నారు. అక్కడ కులం ఉండదని ఏమరుపాటు వద్దు. మనవాళ్ళు వెళ్ళినచోటికల్లా కులం కూడా వెళ్తుంది. ఆ ప్రమాదాన్ని బాబాసాహెబ్ 1916 నాటి పత్రంలోనే ప్రస్తావించారు. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. ఎవరైనా ఇంటిపేరు అడిగి ఊరు ఆరా తీస్తే తల దించుకోవద్దు. పేరు దాచుకుని బతకవద్దు.

అమ్మానాన్నలారా, పెట్టెలో పచ్చడితో పాటు పంచశీల కూడా పెట్టి పంపండి. ఒంటరితనంలో మత్తుకు దగ్గర కాకుండా ఐదో శీలం కాపాడుతుంది. వెళ్ళిన బిడ్డను రోజూ డబ్బు గురించే అడగకండి, ఏం చదివాడో, ఏం తిన్నాడో అడగండి. పిల్లలారా, మొదటి జీతం వచ్చిన నెల నుంచే వాడలో ఒక్క పిల్లవాడి, ఒక్క పిల్ల ఫీజు కట్టండి. సెలవులకు వచ్చినప్పుడు ఒక సాయంత్రం విహారంలోనో కమ్యూనిటీ హాల్లోనో కూర్చుని, ఎలా వెళ్ళాలో తర్వాతివాళ్ళకు చెప్పండి. మీకు దారి తెలుసు. తెలియని ఇంకొకరికి ఆ దారి చూపడమే కతఞ్ఞుత.

బాబాసాహెబ్ ఓడ ఎక్కిననాడు ఆయన వెనక చనిపోయిన తండ్రి ఆశ, అక్కల నగలు, రమాబాయి ఓర్పు, ఒక గురువు ఇచ్చిన పుస్తకం ఉన్నాయి. అన్నింటినీ తీర్చి వెళ్ళారు. మనం ఎక్కే ప్రతి విమానం వెనక ఆయన ఉన్నారు. ఆ ఋణం మనం తీర్చాలి.

భవతు సబ్బ మంగళం! జై భీమ్!